జలసాక్షి: నాగావళీ వంశధారా తీరాల కాలచరిత్ర

సంకల్పం చెప్పుకొనేటప్పుడు మనం జలాన్ని స్పృశిస్తాం. దానమిచ్చేటప్పుడు ఉదకపూర్వకంగా ఇస్తాం. కన్యాదానంలో ధార పోస్తాం. పితృదేవతలకు తిలోదకాలు విడుస్తాం. మాట ఇచ్చే ప్రతిచోటా, ఋణం తీర్చే ప్రతిచోటా పెద్దలు నీటినే ఎందుకు నియమించారు? నీరు శుద్ధి చేస్తుంది కనుక అని సామాన్యంగా సమాధానం చెప్తాం. అది సత్యమే కాని సంపూర్ణం కాదు. జలం పావనం మాత్రమే కాదు, సాక్షి కూడా. ఋగ్వేదం సప్తమ మండలంలోని ఆపోదేవతా సూక్తంలో వరుణరాజు జలాల నడుమ సంచరిస్తూ మానవుల సత్యానృతాలను గమనిస్తూ ఉంటాడన్న భావన ఉన్నది. మనం చేసినది నీటిలో కనబడుతుంది. చేయవలసి ఉండి చేయనిదీ కనబడుతుంది.

ఈ భావనను ఉపాసనాపరంగానే కాక చరిత్రపరంగా కూడా గ్రహించవచ్చునా అన్నదే ఈ వ్యాసంలోని విచారణ. ఇందుకు దూరదేశాలకు పోనక్కరలేదు. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం సీమ చాలు. ఒకవైపు తూర్పు కనుమలు, మరొకవైపు తూర్పు సముద్రం, వాటి నడుమ నాగావళి, వంశధార, మహేంద్రతనయ, చంపావతి, గోస్తని. ఊరూరా చెరువులు, గుడిగుడికీ పుష్కరిణులు. ఈ చిన్న భూభాగంలో నీరు నమోదు చేసిన కాలచరిత్ర ఎంత గొప్పదో చూద్దాం.

ఋతం, ఋతువు

ముందుగా ఒక పదాన్ని స్మరించుకోవాలి. విశ్వంలోని నియతిని వేదం ఋతం అన్నది. ఋతం, ఋతువు అనే రెండు పదాలకూ ధాతువు ఒక్కటే. వానలు వాటి కాలానికి రావడం, నదులు వాటి మార్గాన పారడం, మనిషి తన మాటపై నిలవడం, ఈ మూడూ ఒకే నియతికి మూడు ముఖాలని ప్రాచీనులు భావించారు. ఆ ఋతానికి రక్షకుడు వరుణుడు. అనంతర కాలంలో ఆయనే జలాధిపతిగా, సముద్రాధిపతిగా నిలిచాడు. నియతిని కాపాడే దేవుడు జలంలో నివసిస్తాడన్న ఈ సంకేతం లోతైనది. ఋతం తప్పిందా లేదా అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పేది నీరే.

నేటి శాస్త్రజ్ఞులు వాతావరణ పరివర్తనను పరిశీలించేటప్పుడు ఆశ్రయించేది కూడా ప్రధానంగా నీటినే. సరస్సు అడుగున పేరుకొన్న బురద, నదీముఖంలోని ఇసుక, గుహలో బొట్టుబొట్టుగా గడ్డకట్టిన సున్నపుశిల, సముద్రపు మట్టం, సముద్రపు ఉష్ణం, ఇవే వారి సాక్ష్యాలు. పరిభాష వేరైనా దృష్టి ఒక్కటే.

హలధరుని నది

నాగావళికి లాంగుల్య అని నామాంతరం. లాంగలమంటే నాగలి. క్షామపీడితులైన ప్రజలను చూచి కరుణించిన బలరాముడు తన నాగలితో భూమిని చీల్చి ఈ నదిని ప్రవహింపజేశాడని స్థలపురాణం. ఆ తీరంలో ఆయన ఐదు శివలింగాలను ప్రతిష్ఠించాడని ప్రతీతి. ఒడిశాలోని రాయగడ సమీపాన పాయకపాడులో ఒకటి, పార్వతీపురం ప్రాంతంలోని గుంపలో సోమేశ్వరుడు, సంగాంలో సంగమేశ్వరుడు, శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరుడు, నది సముద్రంలో కలిసే కళ్ళేపల్లిలో మణినాగేశ్వరుడు.

ఈ క్షేత్రాల స్థానాలను పరిశీలించండి. గుంప వద్ద జంఝావతి నాగావళిలో కలుస్తుంది. సంగాం వద్ద సువర్ణముఖి, వేగవతి వచ్చి చేరుతాయి. కళ్ళేపల్లి సాగరసంగమం. నది స్వభావం మారే ప్రతి ముఖ్యబిందువు వద్ద ఒక దేవాలయం ఉన్నది. భక్తుడు ఈ ఐదింటినీ దర్శించాడంటే నదిని ఎగువనుంచి సముద్రందాకా చదివాడన్నమాట. తీర్థయాత్ర నదీపరిశీలన కూడా అయ్యేటట్లు మన పెద్దలు ఏర్పాటు చేశారు.

మరొక విషయం కూడా గమనింపదగినది. ఈ పురాణకథ ఆరంభమైనదే అనావృష్టితో. ఈ సీమలో నది పుట్టుకను తలచినప్పుడల్లా క్షామాన్ని కూడా తలుస్తారు. నీరు సహజంగా ఎల్లప్పుడూ ఉంటుందన్న భ్రమ ఈ కథలో లేదు. అది శ్రమతో, కరుణతో లభించినది.

ఇక భౌతికస్వరూపం. నాగావళి ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి సుమారు 256 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతాన్ని చేరుతుంది. వంశధార కూడా ఆ కొండల ప్రాంతంలోనే పుట్టి దాదాపు అంతే దూరం నడిచి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. గోదావరితో పోల్చితే ఇవి చిన్న నదులు. కొండ నిటారు, దూరం స్వల్పం. అందువల్ల ఎగువన కురిసిన వాన త్వరగా దిగువకు దిగుతుంది. శ్రీకాకుళంలో ఆకాశం నిర్మలంగా ఉన్నా నదికి వరద వచ్చిందంటే కారణం ఇదే. కొండపై అడవి దట్టంగా ఉంటే వాన ఆకులమీద, వేళ్ళలోన నిలిచి మెల్లగా దిగుతుంది. అడవి పలుచబడితే నీటితోపాటు మట్టి కూడా దిగుతుంది. వరదనీటి రంగు ఎగువ అడవి ఎట్లా ఉన్నదో చెప్తుంది. వేసవిలో ఇసుక కింది ఊట ఎంత లోతుకు పోయిందో, మనం నదినుంచి ఎంత ఇసుకను తరలించామో చెప్తుంది. ఇసుక నదికి దేహం వంటిది. వేసవిలో నదీజలం నివసించేది అందులోనే. దేహాన్ని తొలగించి ప్రాణాన్ని నిలుపుకోవడం సాధ్యం కాదు.

శిలపై నిలిచిన తుపాను

నాగావళి కథ పురాణం చెప్పినది. ప్రాచీన కళింగంలో నీరు, గాలి చేసిన పనిని శిలాశాసనం కూడా చెప్తుంది. భువనేశ్వర సమీపంలోని ఉదయగిరి మీద హాథీగుంఫాలో ఖారవేల చక్రవర్తి చెక్కించిన శాసనం సుమారు రెండువేల ఏండ్ల నాటిది. రాజ్యాభిషిక్తుడైన మొదటి సంవత్సరంలోనే ఆయన చేసిన పని ఏమిటి? తుపానుగాలికి దెబ్బతిన్న కళింగనగర గోపురాలను, ప్రాకారాలను, గృహాలను బాగుచేయించాడు. చల్లని తటాకాల గట్లను కట్టించాడు. అనంతరం నందరాజు కాలంలో తవ్విన పాతకాలువను నగరం వరకు పొడిగించాడు. ఆ కళింగనగరం నేటి శిశుపాలగఢ్ అని చరిత్రకారులలో అధికుల అభిప్రాయం. మన ముఖలింగం అని భావించినవారూ ఉన్నారు. స్థలం ఏదైనా సందేశం స్పష్టం. ఈ తీరానికి తుపాను కొత్తది కాదు. రాజధర్మంలో ప్రథమ కర్తవ్యం యుద్ధం కాదు, గాలి కూల్చినదానిని నిలబెట్టడం, నీటిని కాపాడడం.

వంశధార తీరంలోని శ్రీముఖలింగం తూర్పు గాంగుల రాజధానిగా వెలసినది. మధుకేశ్వరాలయం నేటికీ ఆ వైభవానికి నిదర్శనం. 12వ శతాబ్దిలో అనంతవర్మ చోడగంగదేవుని కాలంలో రాజధాని కటకానికి తరలింది. దానికి కారణం రాజ్యవిస్తరణ. ప్రతి మార్పునూ ప్రకృతికి ఆరోపించడం వివేకం కాదు. అయితే నదీముఖం వద్ద కథ వేరు. వంశధార దక్షిణ తీరాన కొండమీద శాలిహుండం బౌద్ధక్షేత్రం ఉన్నది. దానిని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. భాషోద్యమనాయకునిగా మనకు తెలిసిన ఆ మహనీయుడు ఈ తీరానికి చరిత్రను కూడా తిరిగి ఇచ్చాడు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దినుంచి దాదాపు 12వ శతాబ్దివరకు అక్కడ స్తూపాలు, చైత్యాలు విలసిల్లాయి. భిక్షువులు, వణిజులు దిగిన రేవు కళింగపట్నం. ఆ రేవు కాలక్రమంలో ఓడల రాకపోకలను కోల్పోయింది.

రేవులు క్షీణించడానికి రైలు, రాజకీయం, వ్యాపారం అన్నీ కారణాలే. వాటితోపాటు ఇసుక కూడా ఒక కారణం. మన తూర్పుతీరంలో అలలు, ప్రవాహాలు ఇసుకను దక్షిణంనుంచి ఉత్తరానికి నిరంతరం మోసుకొనిపోతూ ఉంటాయి. నది తెచ్చే మట్టికి సముద్రం తెచ్చే ఇసుక తోడై నదీముఖంలో దిబ్బలు లేస్తాయి. ముఖద్వారం పక్కకు జరుగుతుంది, పూడుతుంది, వరదలో మళ్ళీ తెరుచుకుంటుంది. స్థిరమైన తీరరేఖ అన్నది పటంలోని గీత మాత్రమే. ఎగువన ఆనకట్టలలో మట్టి ఆగితే దిగువన సముద్రం తన వాటాను ఒడ్డునుంచి తీసుకుంటుంది. నదికీ సముద్రానికీ మధ్య ఈ ఆదానప్రదానం ఒక యజ్ఞం వంటిది. ఒకరి హవిస్సును మధ్యలో ఆపితే రెండవవారు వేరొకచోటనుంచి గ్రహిస్తారు.

క్షామం, వరద

బ్రిటిష్ పాలనాకాలం వచ్చేసరికి సాక్ష్యం శిలనుంచి కాగితానికి మారింది. అప్పటి చికాకోల్, అనగా మన శ్రీకాకుళం, 1791 క్షామంలో దాదాపు నిర్జనమైనదని గెజెటీర్ చెప్తున్నది. ఆ కాలంలో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ వాతావరణాన్ని ప్రతిదినం నమోదు చేస్తూ ఉండేవాడు. వరుసగా వానలు తప్పిన ఆ ఏండ్ల వివరాలు ఆయన లేఖనాలవల్లనే భావితరాలకు దక్కాయి. 1789 నుంచి 1793 వరకు పసిఫిక్ మహాసముద్రంలో ప్రబలిన ఎల్‌నినోకు ఈ అనావృష్టితో సంబంధం ఉన్నదని రెండువందల ఏండ్ల తరువాత చరిత్రకారులు నిరూపించారు. పెరూ దేశతీరంలో సముద్రం వేడెక్కితే సిక్కోలులో ఇండ్లు ఖాళీ అయ్యాయి. విశ్వమంతా ఒకే దేహమన్న వేదాంతవాక్యానికి ఇంతకంటె కఠినమైన దృష్టాంతం ఉంటుందా?

1866లో ఒడిశాను భస్మం చేసిన మహాక్షామం ఈ సీమను కూడా తాకింది. ఒడిశాలో సుమారు పదిలక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ నాటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలోనిది. మరి పదేండ్లకు, 1876లో, నాగావళికి వచ్చిన వరద శ్రీకాకుళం వంతెన కమానులను కొట్టుకొనిపోయింది. ఆ సంవత్సరమే మద్రాసు రాజధాని దక్షిణభాగంలో మహాక్షామం మొదలైనది. ఒకే ఏడాది, ఒకే రాజ్యంలో ఒకచోట వరద, మరొకచోట అనావృష్టి. కరవును, వరదను వేర్వేరు విపత్తులుగా చూడడం మన అలవాటు. అవి ఒకే జలచక్రపు రెండు వికృతులు.

గుహలింగం, సముద్రపంకం

కాగితం పుట్టకముందు కాలానికి సాక్షి ఎవరు? గోస్తనీ నది బొర్రాగుహలలో పుట్టి, తాటిపూడి మీదుగా ప్రవహించి, భీమునిపట్నం వద్ద సముద్రాన్ని చేరుతుంది. గుహలో పైనుంచి జారే నీటిబొట్టు తనలోని సున్నాన్ని కొంత విడిచి పోతుంది. వేల ఏండ్లకు అది లింగాకారం దాలుస్తుంది. భక్తులు అందులో శివుని దర్శిస్తారు. అటువంటి శిలలోని ఒక్కొక్క పొరలో ఆ కాలపు వాన గుర్తు నిలిచి ఉంటుందని శాస్త్రజ్ఞులు అంటారు. బస్తరు ప్రాంతపు కాంగేర్ లోయలో దండక అనే పేరుగల గుహ ఉన్నది. అక్కడి శిలాస్తంభాన్ని పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 14, 15 శతాబ్దులలో ఏండ్ల తరబడి సాగిన అనావృష్టులు సంభవించాయి. దుర్గాదేవి క్షామమని దక్కనులో పేరుపొందిన ఆపద ఆ కాలానిదే. జనస్మృతి, శిలాస్మృతి ఒక్కటే చెప్పాయి.

సముద్రగర్భం ఇంకా ప్రాచీనమైన గ్రంథాలయం. గోదావరీముఖానికి ఎదురుగా బంగాళాఖాతపు అడుగునుంచి తీసిన పంకస్తంభంలో పదివేల ఏండ్ల చరిత్ర ఉన్నది. నది తెచ్చిన ఆకులపై ఉండే మైనపు అంశం ఆ బురదలో నిలిచి ఉంటుంది. దానిని బట్టి ఏ కాలంలో ఏ జాతి మొక్కలు పెరిగాయో తెలుస్తుంది. 2012లో ప్రచురితమైన ఈ పరిశోధన ప్రకారం సుమారు నాలుగువేల ఏండ్ల క్రితంనుంచి పదిహేడువందల ఏండ్ల క్రితంవరకు ద్వీపకల్పంలో శుష్కతకు ఓర్చుకొనే మొక్కలు క్రమంగా పెరిగాయి. అటుపిమ్మట ఆ స్థితి స్థిరపడినది. మన దక్షిణదేశంలో ఊరూరా చెరువులు తవ్వే సంప్రదాయం విస్తరించినది ఆ ఎండిన భూమిమీదనే. చెరువు మన విలాసం కాదు, ఎండతో మనం చేసుకొన్న సంధి.

తల్లి వెలసిన చెరువు

చెరువుమాట వచ్చినది కనుక విజయనగరం పెద్దచెరువును తలచుకోవాలి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం అందరికీ తెలుసు. ఆ యుద్ధం వెంబడి విజయనగర రాజసోదరి పైడిమాంబ పెద్దచెరువులో దేవతగా వెలసినదని, ఆమె విగ్రహాన్ని చెరువునుంచే వెలికితీశారని స్థలకథ. నాటినుంచి దసరా తరువాతి మంగళవారంనాడు సిరిమానోత్సవం జరుగుతున్నది. యుద్ధంలో రాజులు కూలిపోయారు. ఆ దుఃఖాన్ని స్వీకరించి తల్లిని తిరిగి ఇచ్చినది ఒక చెరువు. ఈ కథ విన్నవాడు చెరువును ఖాళీస్థలంగా ఎట్లా చూడగలడు?

చెరువు మార్పును చెప్పే పద్ధతి సూటిగా ఉంటుంది. పూడిక పెరిగితే లోతు తగ్గుతుంది. లోతు తగ్గితే నీరు త్వరగా వేడెక్కుతుంది, త్వరగా ఆవిరి అవుతుంది, మాఘఫాల్గుణాలకే అడుగు కనబడుతుంది. నీటిని తెచ్చే వాగు మూసుకుపోతే వాన కురిసినా చెరువు నిండదు. ఆ వాన వీథులలో నిలుస్తుంది. మురుగు చేరితే గుర్రపుడెక్క అల్లుకుంటుంది. చూపరులకు పచ్చగా కనబడే ఆ తివాచీ కింద నీటికి ఊపిరి ఆడదు. దక్షిణ అమెరికానుంచి వచ్చిన ఆ మొక్కను నిందించి ప్రయోజనం లేదు. మనం విడిచిన మలినమే దానికి ఆహారం. అంతఃకరణంలో వాసనలు పేరుకొన్నట్లే చెరువులో పూడిక పేరుకుంటుంది. రెండింటికీ విరుగుడు ఒక్కటే, ఏటేటా తవ్వితీయడం.

కొంగలు, కూర్మాలు

టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి ఏటా శీతకాలపు ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. ఇచ్ఛాపురం సమీపంలోని తేలుకుంచికి తొలకరితో నత్తగుల్ల కొంగలు వస్తాయి. గ్రామస్థులు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె ఆదరిస్తారు. అవి వస్తే వానలు, పంటలు బాగుంటాయని విశ్వసిస్తారు. ఇవి సైబీరియానుంచి వస్తాయని ప్రచారం. నిజానికి ఈ జాతులు మన ఉపఖండంలోనివే. నీరు, చేప, నత్త ఎక్కడ సమృద్ధిగా ఉంటే అక్కడికి తరలుతాయి. ఈ సత్యం తెలిసినందువల్ల వాటి మహిమ తగ్గదు, పెరుగుతుంది. అవి దూరదేశపు చలిని కాదు, మన నౌపడ చిత్తడినేలల ఆరోగ్యాన్ని మనకు నివేదిస్తున్నాయి. అవి రాకపోతే అపరాధం సైబీరియాది కాదు.

శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో ఆరాధింపబడుతున్నాడు. ఆ క్షేత్రానికి సమీపంలోని సాగరతీరమంతటా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు శీతకాలాంతంలో ఇసుకలో గుడ్లు పెడతాయి. ఈ గుడ్లలో ఆడపిల్ల పుడుతుందా, మగపిల్ల పుడుతుందా అన్నది ఇసుక వేడిమిని బట్టి నిర్ణయమవుతుంది. ఇసుక అధికంగా వేడెక్కితే ఆడవే ఎక్కువగా పుడతాయి. మరీ వేడెక్కితే పిండమే నిలవదు. వలలలో చిక్కి ఊపిరాడక ఒడ్డుకు కొట్టుకొనివచ్చే తల్లితాబేళ్ళ కళేబరాలను తీరవాసులు ఏటా చూస్తూనే ఉన్నారు. మందరాన్ని మోసిన మూర్తికి గర్భాలయంలో నమస్కరించి, కూతవేటు దూరంలో పడివున్న ఆ దేహాన్ని చూచీచూడనట్లు పోతే మన ఆరాధన అర్ధమే అవుతుంది.

వేడెక్కిన సాగరం

ఇప్పుడు సముద్రుని సాక్ష్యం. భారత ప్రభుత్వ భూవిజ్ఞానశాఖ 2020లో ప్రకటించిన వాతావరణ నివేదికలోని కొన్ని అంశాలు ప్రతి సాధకుడూ తెలుసుకోదగినవి. 1951 నుంచి 2015 వరకు ఉష్ణమండల హిందూమహాసముద్రపు ఉపరితలం సగటున 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కింది. ప్రపంచ సముద్రాల సగటు 0.7 డిగ్రీలు మాత్రమే. ఉత్తర హిందూమహాసముద్రపు మట్టం 1874 నుంచి 2004 వరకు ఏడాదికి 1.06 నుంచి 1.75 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. 1993 నుంచి 2017 వరకు ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. 1951–1980 కాలంతో పోల్చితే 1981–2011 కాలంలో వర్షఋతువులోని పొడిరోజుల వరుసలు 27 శాతం తరచుగా వచ్చాయి. వాన మొత్తం తగ్గిందా పెరిగిందా అన్నదానికంటె వాన నడక మారింది అన్నది ముఖ్యం.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది. రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం పూర్వపు జిల్లాలలో మరొకదానికి లేదు. ఆ తీరం చూచిన ఆశ్వయుజాలను గుర్తుచేసుకోండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం వద్ద తీరం దాటి ఉద్దానాన్ని కుదిపింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకి విజయనగరం, శ్రీకాకుళాలను అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో గంటకు 140–150 కిలోమీటర్ల గాలులతో తీరం దాటింది. వంశధారకు, మహేంద్రతనయకు వరద వచ్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. తొమ్మిదేండ్లలో నాలుగుసార్లు. ఉద్దానంలో కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకుగా భావిస్తారు. తిత్లీనాటి ఉదయం తోటలోకి వెళ్ళిన రైతుకు కనబడినవి కూలిన చెట్లు కావు, కూలిన సంతానం.

ఇక్కడ వివేకం అవసరం. ఏ ఒక్క తుపానునూ చూపి ఇది భూతాపం వల్లనే అని చెప్పడం శాస్త్రమూ కాదు, సత్యమూ కాదు. ఆ నివేదిక ప్రకారమే 20వ శతాబ్ది మధ్యనుంచి ఉత్తర హిందూమహాసముద్రంలో మొత్తం తుపానుల సంఖ్య తగ్గింది. కాని 2000–2018 మధ్యకాలంలో ఋతుపవనానంతరం వచ్చే అతితీవ్ర తుపానులు పెరిగాయి. ఈ పెరుగుదలలో మానవకృత తాపం వాటా ఎంత అన్నది ఇంకా స్పష్టం కాలేదని కూడా ఆ నివేదిక నిజాయితీగా చెప్పినది. ఖారవేలుని కాలంలోనూ తుపాను ఉన్నది. అయితే వేడిసముద్రం తుపానుకు అధికబలం ఇస్తుందన్నది, మట్టం పెరిగిన సముద్రం ఉప్పెనను మరింత లోనికి తోస్తుందన్నది భౌతికసత్యాలు. తుపాను పాతదే, అది నిలబడిన పీఠం కొత్తది, ఎత్తైనది, వేడియైనది.

కలికాలమేనా?

ఇది కలిప్రభావం, మనం చేయగలిగినది లేదు అని కొందరు ఆస్తికులు అంటారు. ఈ మాటకు వైరాగ్యపు వేషం ఉన్నది కాని స్వరూపం తామసమే. కాలమే కారణమైతే కాలస్వరూపుడైన సూర్యుని గతి మారవలసి ఉండినది. అరసవల్లికి వెళ్ళి చూడండి. గాంగరాజు దేవేంద్రవర్మ ప్రతిష్ఠించాడని ప్రసిద్ధమైన ఆ సూర్యనారాయణమూర్తి పాదాలను మార్చిలోనూ, అక్టోబరులోనూ కొద్ది రోజులు ప్రాతఃకిరణాలు నేటికీ తాకుతున్నాయి. సుమారు పదమూడువందల ఏండ్లుగా ఉత్తరాయణ దక్షిణాయనాల మాట తప్పలేదు. ఆకాశం తన వాగ్దానాన్ని నిలుపుకొన్నది. మారినది కింద ఉన్నది, మన పొగ, మన అడవి, మన చెరువు, మన ఇసుక. గీతలో భగవానుడు వర్ణించిన చక్రంలో అన్నం పర్జన్యంనుంచి, పర్జన్యం యజ్ఞంనుంచి, యజ్ఞం కర్మనుంచి వస్తుంది. ఆ చక్రాన్ని అనువర్తించనివాని జీవితం వ్యర్థమన్నాడే గాని చక్రం విరిగితే చూస్తూ కూర్చోమనలేదు. కర్మవల్ల కలిగినది కర్మతోనే శమిస్తుంది.

సాక్షి అంటే తటస్థంగా చూచేవాడు. వేదాంతంలో ఆత్మ సాక్షి. అది దేనినీ మార్చదు, అన్నిటినీ ప్రకాశింపజేస్తుంది. జలం కూడా అంతే. అది మనలను నిందించదు, శపించదు. ఉన్నది ఉన్నట్లు చూపుతుంది. సాక్ష్యాన్ని విని ధర్మాన్ని నిర్ణయించుకోవలసినవాడు జీవుడే.

అందుకు ఒక చిన్న వ్రతాన్ని ప్రతిపాదిస్తున్నాను. మన తీర్థస్నానాలకు ఒక అపూర్వమైన గుణం ఉన్నది. ప్రతి సంవత్సరం అదే ఋతువు, అదే తిథి, అదే రేవు. అధికమాసాల కారణంగా కొన్ని రోజులు అటూ ఇటూ అయినా కాలం దాదాపు ఒక్కటే. ఇంత క్రమం తప్పని పరిశీలనావకాశం మరెవరికి ఉంటుంది? రథసప్తమినాడు అరసవల్లి ఇంద్రపుష్కరిణిలో ఎన్ని మెట్లు నీటిపైన ఉన్నవో లెక్కించండి. మహాశివరాత్రినాడు సంగాంలో స్నానమాడినప్పుడు నీరు మోకాలిదాకా వచ్చినదా, నడుముదాకా వచ్చినదా గుర్తించండి. సిరిమానుపండుగనాడు పెద్దచెరువు ఎంత నిండినదో, దానిపై ఆకు ఎంత పరచుకొన్నదో చూడండి. కళ్ళేపల్లిలో గుడికీ అలకూ మధ్య అడుగులు కొలవండి. పంచాంగం అంచున తిథి ఎదుట ఆ సంఖ్యను వ్రాసి ఉంచండి. పిల్లలకు ఆ పుస్తకాన్ని అప్పగించండి. ఇరవై ఏండ్లకు అది ఒక శాసనమవుతుంది. అది వ్రాసిన చేయి ఆ చెరువులో పూడిక తీయడానికి, ఆ గట్టుమీద చెట్టు నాటడానికి తప్పక ముందుకు వస్తుంది. ఎందుకంటే చూచినవాడు చూడనట్లు ఉండలేడు.

ఇకపై సంకల్పవేళ అరచేతిలోకి నీటిని తీసుకొన్నప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఆ కొద్ది నీటిలో కలహండి కొండలమీది వాన ఉన్నది, సిక్కోలు క్షామం ఉన్నది, ఉద్దానపు గాలి ఉన్నది, మనం చేసినదంతా ఉన్నది. దాని ఎదుట మాట ఇస్తున్నాం. ఆ మాట నిలుపుకొనే శక్తిని ఆ వరుణదేవుడే మనకు అనుగ్రహించుగాక.

సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.